ఇరవై ఎనిమిది మీటర్ల మనిషి

ముందు పోయినవి లెక్కపెడతాను. లేత్ మిషను నాగేశ్వరరావు కుడిచేతి వేళ్ళు రెండు, నడిమి వేలూ ఉంగరపు వేలూ, రెండో కణుపు దాకా. మా బావమరిది సూరిబాబు ఎడమ కన్ను. అతని ఎడమ భుజంలో పద్నాలుగు సెంటీమీటర్ల పొడవున తెగిన కండ, దానితో పాటు ఆ చెయ్యి తల పైకి లేచే శక్తి. ఒక కెమెరా. ఒక పెళ్ళి ఫొటోలన్నీ. నాగేశ్వరరావు షాపు కూడా కలపాలి. వేళ్ళు పోయాక అతను మళ్ళీ మిషను ముందు నిలబడలేకపోయాడు.

పోనిది ఒక్కటే, లెన్సు. గాజు మీద గీత కూడా పడలేదు. ఇది రాస్తున్న గదిలోనే, బియ్యం డబ్బా వెనక ఉంది.

ఈ మధ్య ఫొటోలు తీసేవాళ్ళు పాత సినిమా ప్రొజెక్టరు లెన్సుల కోసం తెగ తిరుగుతున్నారు. నా దగ్గర ఒకటి ఉందని తెలిసి రావులపాలెం నుంచి కూడా మనుషులు వచ్చారు. అమ్మను అంటే బేరం చేస్తున్నానని అనుకుంటున్నారు. ఎందుకు అమ్మనో ఒకసారి రాసి పెడితే అందరికీ విడివిడిగా చెప్పే పని తప్పుతుంది.

నేను దెయ్యాల్ని నమ్మిన మనిషిని కాను. అమలాపురంలో ఒక కలప అడితిలో దుంగలు కొలవడం నా పని. చదివింది పదో తరగతి. చుట్టుకొలతలు, ఘనపుటడుగులు, తరుగులు సొంతంగా నేర్చుకున్నాను. ఒకసారి మనిషి ఉరేసుకున్న చింతచెట్టు నరికి తెచ్చారు. కూలీలు దాన్ని ముట్టుకోం అన్నారు. నేనే టేపు చుట్టాను. నలభై ఒక్క ఘనపుటడుగులు వచ్చింది. కోసేటప్పుడు లోపలున్న మేకు తగిలి రంపం పళ్ళు ఎగిరి ఒకడి చెంప చీల్చాయి. అందరూ చచ్చిపోయినవాడి పేరెత్తారు. నేను మేకు చూపించాను.

మామిడికుదురు దాటి లోపలికి వెళ్తే ఒక ఊళ్ళో సినిమా హాలు ఉండేది. మూతపడి చాలా ఏళ్ళయింది. దాన్ని పడగొడుతూ పైకప్పు టేకు దూలాలు అమ్మకానికి పెడితే కొలవడానికి మా అడితి వాళ్ళు నన్ను పంపారు.

నాకొక అలవాటు ఉంది. కొలవమన్నది కొలిచాక కొలవమననిది కూడా కొలుస్తాను. ప్రొజెక్టరు గది కన్నం నుంచి తెర గోడ దాకా టేపు పట్టించాను. తొంభై రెండు అడుగులు, అంటే ఇరవై ఎనిమిది మీటర్లు.

తెర ముందు మోకాలెత్తున చెక్క అరుగు ఉంది. అందులో నడిమి పలక నిండా కత్తి గాట్లు. ఏమిటివి అని అడిగితే హాలు వారసుడు, "కొత్త బొమ్మ పడ్డప్పుడల్లా కుర్రోళ్ళు ఇక్కడే కొబ్బరికాయలు కొట్టేవోరండీ" అన్నాడు. సరేనని ఆ పలకని తరుగులో వేశాను.

వేస్తూనే ఒక సంగతి గమనించాను. కత్తి నేరుగా చెక్కకి తగిలితే గాటు అంచులు పదునుగా ఉంటాయి. ఇవి మొద్దుగా, తక్కువ లోతుతో ఉన్నాయి. దెబ్బకీ చెక్కకీ మధ్య ఏదో మెత్తనిది ఉన్నట్టు. పైగా కొబ్బరికాయని రాతికేసి కొడతాం గానీ పలక మీద పెట్టి కత్తితో ఇన్నిసార్లు నరకం. కోనసీమలో పుట్టినవాడికి ఈ మాట వెంటనే తట్టాలి. నాకు తట్టలేదు.

ప్రొజెక్టరు ఎప్పుడో పాత ఇనుములోకి పోయింది. దాని లెన్సు మాత్రం ఆ గది గూట్లో గుడ్డ చుట్టి ఉంది. కేజీకి పైగా బరువున్న ఇత్తడి గొట్టం, రెండు చివర్లా గాజు. గొట్టం చుట్టూ కుంకం బొట్లు పేరుకుని గట్టిపడ్డాయి. "పట్టుకుపోండి, ఇదెవడికి కావాలి" అన్నాడు వారసుడు. సూరికి పనికొస్తుందని తెచ్చాను.

సూరిబాబు మా ఆవిడ తమ్ముడు. మామిడికుదురులో స్టూడియో, పెళ్ళిళ్ళకి ఫొటోలు తీస్తాడు. లెన్సు చూడగానే ఎగిరి గంతేశాడు.

"బావగారండీ, దీంతో తీస్తే వెనకాల కొబ్బరాకులన్నీ సుడి తిరుగుతాయండీ. మధ్యలో మనిషొక్కడే గుచ్చినట్టు కనపడతాడు. పెళ్ళికొడుకులు ఇలాంటి ఫొటోల కోసం కొట్టుకుంటన్నారు. కెమెరాకి ఎలా తగిలించాలో లెక్క మీరు కట్టి పెట్టండి."

"ఆ మాత్రం లెక్క నువ్వు కట్టలేవా?"

"లెక్కలొస్తే ఫొటోలెందుకు తీస్తానండీ? మా అక్కని పెళ్ళిచూపుల్లో టేపెట్టి కొలిచేరంట కదా తమరు. మాకంత తెలివి లేదండీ."

టేపు పెట్టలేదు. వాళ్ళ గుమ్మం ఎత్తు నాకు తెలుసు, ఆవిడ తల గుమ్మానికి ఎంత కిందికి వచ్చిందో చూశాను, అంతే.

లెక్క పెద్ద కష్టం కాదు. ప్రొజెక్టరు లెన్సుకి ఫోకస్ తిప్పే రింగు ఉండదు. ప్రొజెక్టరులో గొట్టాన్నే ముందుకీ వెనక్కీ జరుపుతారు. కాబట్టి కెమెరాకీ లెన్సుకీ మధ్య, తిప్పితే సాగే మరచుట్ల రింగు ఒకటి పెట్టాలి. అది బజార్లో దొరుకుతుంది. లెన్సు వెనక గాజు నుంచి ఫిల్ము ఉండే చోటికి యాభై రెండు మిల్లీమీటర్లు. ఈ కాలం కెమెరా మూతి నుంచి లోపలి సెన్సరుకి పద్దెనిమిది. తేడా ముప్పై నాలుగు. అందులో రింగు పదిహేడు తింటుంది. మిగిలిన పదిహేడుకి అల్యూమినియం కట్టు చేయించాలి.

ఇబ్బంది ఒక్క చోటే వచ్చింది. కట్టుకి దొరికిన అల్యూమినియం పైపు లోపలి కొలత డెబ్బై మిల్లీమీటర్లు. ఇత్తడి గొట్టం డెబ్బై పాయింటు ఆరు. పైగా గొట్టం మీద ఎవరో ఆకురాయితో రాసిన గాటు ఒకటి ఉంది, పావు మిల్లీమీటరు లోతు. గొట్టం చుట్టూ పాయింటు మూడు చెక్కిస్తే కట్టులో పడుతుంది, గాటూ పోతుంది. ఒకే కోతకి రెండు పనులవుతాయని సంతోషించాను. కుంకం స్పిరిట్‌తో తుడిచేసి, గాజులు విప్పి దాచి, గొట్టాన్ని నాగేశ్వరరావు దగ్గరికి పట్టుకెళ్ళాను.

నాగేశ్వరరావు జీవితమంతా లేత్ మీదే గడిపినవాడు. గొట్టాన్ని మిషను తిప్పే దవడల చక్‌లో బిగించి, వెంట్రుకవాసి చొప్పున కోసుకుంటూ వచ్చాడు. చివరి కోతతో గాటు మాయమైంది. "ఆపండి మాస్టారూ" అని అతనంటే ఎర్ర బటన్ నొక్కింది నేనే. చక్ ఆగింది. బెల్టు కూడా ఆగింది. నాగేశ్వరరావు చెయ్యి పెట్టి, గాటు ఉన్న చోటుని వేలితో తడిమాడు.

చక్ తిరిగింది.

వేళ్ళు చక్ దవడకీ కోత ఉలి దిమ్మెకీ మధ్య పడ్డాయి. పచ్చి కొబ్బరిమట్ట విరిచినట్టు చప్పుడు వచ్చింది. అతను చెయ్యి వెనక్కి లాగి, తెగిన చోటు వైపు తెలియనట్టు చూశాడు. రక్తం నా చొక్కా మీదికీ వెనక గోడ మీదికీ చిమ్మింది. ఒక వేలు ఇత్తడి రజను పళ్ళెంలో పడి ఉంది. ఇంకోటి మేం వెతకలేదు, టైం లేదు.

ఆస్పత్రిలో అతను నాతో అన్నది ఒక్కటే. "మాస్టారూ, ఎనక నించి నా మోచెయ్యి మీదెవరు కొట్టేరండీ?" వెనక గోడ ఉంది. మిషనుకీ గోడకీ మధ్య అడుగున్నర చోటు. బటన్ నొక్కిన వేలు నాది కాబట్టి ఈ విషయంలో నాకు అనుమానం లేదు. కరెంటులో ఏదో లోపం అనుకున్నాను. లైను మనిషిని పిలిచి చూపించాను. లోపం దొరకలేదు. దొరకనంత మాత్రాన లేదని కాదు కదా.

గొట్టాన్ని కడిగాను, గాజులు బిగించాను. కట్టు సరిగ్గా పడింది.

రింగు మీద దూరాలు గుర్తులు పెట్టాలి. సూరి ఇంటి వెనక కొబ్బరి తోటలో, మిట్టమధ్యాహ్నం వెలుతురులో, చెట్లకి టేపు పట్టి సున్నం గీతలు పెట్టాను. కెమెరా వెనక తెర మీద బొమ్మని పెద్దది చేసి, ఒక్కో చెట్టు గీతనీ స్పష్టం చేసి, రింగు మీద అంటించిన కాగితం పట్టీ మీద మీటర్లు రాశాను. సూరి చెప్పినట్టే అంచుల్లో ఆకులు సుడి తిరిగాయి. బాగుంది.

చివర్లో సరిచూద్దామని కెమెరాని ఇంటి గోడ వైపు తిప్పాను. గోడ దూరం ఆరు మీటర్లు. ఆరు దగ్గర ఇటుకలు స్పష్టం. రింగు ఇంకా తిప్పితే గోడ కరిగి మసకైపోయింది. అలాగే కావాలి. ఇరవై ఎనిమిది దగ్గరికి వచ్చేసరికి ఆ మసకలో గీసినట్టు ఒక మనిషి నిలబడ్డాడు.

వీపు మా వైపు. చొక్కా లేదు, లుంగీ పైకి మడిచి కట్టాడు. కుడిచెయ్యి పైకి లేచింది, దిగింది. చేతిలో పొడవాటి కత్తి. కింద అంతా నలుపు, అందులో ఏముందో తెలియదు గానీ దానిలోకి కత్తి దిగిన ప్రతిసారీ మనిషి భుజం గుంజి పీకుతోంది. చప్పుడు లేదు. తెర మీద నుంచి కన్నెత్తి చూస్తే ఎదురుగా ఖాళీ గోడ, దాని మీద ఎండ.

సూరి నా భుజం మీదుగా చూశాడు. "పాత సినిమా ఏదో గాజుకంటుకుపోయినట్టుందండీ" అని నవ్వాడు. నవ్వు సగంలో ఆగింది.

నేను చెయ్యాల్సిన పరీక్షలు చేశాను. సూరి వేరే లెన్సు తగిలిస్తే మనిషి లేడు. వేరే కెమెరాకి ఈ లెన్సు తగిలిస్తే ఉన్నాడు. గాజుల మధ్య మెరుపేమో అని లెన్సు మూతిని అరచేత్తో మూశాను. పోయాడు. చెయ్యి తీస్తే వచ్చాడు. అంటే వెలుతురు బయటి నుంచే వస్తోంది. ఫొటో తీస్తే మాత్రం ఒక మరక తప్ప ఏమీ పడలేదు. రింగు ఇరవై ఎనిమిదికి ఇటూ అటూ జరిపినా మనిషి పోయాడు.

లెన్సు నా దగ్గర పెట్టుకున్నాను. సూరి ఒక పాత కెమెరా ఇచ్చాడు. మర్నాడు అడితిలో దుంగల మధ్య పెట్టి మళ్ళీ చూశాను. ఇరవై ఎనిమిది దగ్గర ఎవరూ లేరు. హమ్మయ్య అనుకుంటూ రింగు వెనక్కి తిప్పితే, ఇరవై నాలుగు దగ్గర ఉన్నాడు.

నా వృత్తిలో ఒకే దుంగకి రెండు కొలతలు వచ్చాయంటే తప్పు కొలిచేవాడిదే. కాగితం పట్టీ జరిగిందేమో అని టేపుతో మళ్ళీ సరిచూశాను. పట్టీ సరిగ్గానే ఉంది. మళ్ళీ చూశాను. పంతొమ్మిది. ఇంకోసారి, పదిహేను. దూరం ఎక్కువగా ఉన్నప్పుడు ఈ లెన్సు కొలత నాలుగు మీటర్లు అటూ ఇటూ తప్పవచ్చు. దగ్గరకొచ్చే కొద్దీ తప్పు తగ్గుతుంది. అంటే ఆ మనిషి దగ్గరవుతున్న కొద్దీ నా లెక్క కచ్చితమవుతోంది.

పదకొండు మీటర్ల దగ్గర చూసినప్పుడు అతను నరకడం ఆపేశాడు. చెయ్యి దించి, కత్తి కొస నుంచి ఏదో కారుతూ ఉండగా, తల సగం వెనక్కి తిప్పి ఉన్నాడు. ఎవరో పిలిస్తే వినేవాడిలా.

ఆ రోజే కెమెరా సంచిలో కుక్కి మా ఆవిడకి ఇచ్చి, అల్మారాలో పెట్టమన్నాను. పెట్టమన్నానే గానీ ఎందుకో చెప్పలేదు. మర్నాడు పొద్దున్నే ఆ హాల్లో ప్రొజెక్టరు నడిపిన మనిషి ఎవరో కనుక్కుని రాజోలు వెళ్ళాను.

ఆయన పేరు వీర్రాజు గారు. డెబ్బై దాటిన మనిషి, చూపు బాగానే ఉంది. నేను లెన్సు అనగానే లోపలికి కేకేసి మంచినీళ్ళు తెప్పించారు.

"కుంకం ఉందాండీ ఇంకా?"

"తుడిచేశానండీ" అన్నాను, తప్పు చేసినవాడిలా.

"పర్లేదండీ, అది మా ఆవిడ సరదా. గాటుందా?"

"లేదండీ. గొట్టం పట్టకపోతే చెక్కించాను."

ఆయన తాగుతున్న గ్లాసు కింద పెట్టేశారు. కాసేపు నా చేతుల వైపు చూశారు. ఆ తరవాత చెప్పింది ఇది.

"మాట్నీ అండీ. బ్లాకులో టిక్కెట్లు అమ్మేవోడొకణ్ణి తెర ముందు అరుగు మీదకి ఈడ్చుకొచ్చి నరికేడండి ఒకడు. నేను గదిలోంచి చూస్తన్నాను. బొమ్మ ఆపితే జనం లేస్తారు, తొక్కుకు చస్తారు. ఆపలేదండీ. ఆ వెలుతుర్లోనే నరికేడు. ముందు బెంచీలోళ్ళు సగంమంది బొమ్మలో ఫైటింగనుకున్నారు, ఈలలేసేరండి. ఆఖరికి లైట్లేసేసరికి కిందోడున్నాడు, ఏ ముక్క ఎక్కడిదో తెలీకుండా. నరికినోడు లేడు. తలుపులన్నీ ఏసే ఉన్నాయండి."

"ఎవరో తెలియలేదా?"

"మొఖం చూసినోడుంటే కదండీ. అందరికీ ఈపే కనిపించింది, నాకూను. మర్నాడు ఫోకస్ పెడదామని చూస్తే అరుగు మీదున్నాడు. రెండోసారి చూస్తే అరుగు దిగేడు. అప్పుడర్థమైందండి నాకు, చూస్తేనే కదులుతాడని."

అందుకని ఆయన ఫోకస్ సరిపోయిన చోట గొట్టం మీద ఆకురాయితో గాటు పెట్టుకున్నారు. పెట్టాక ఆఖరిసారి చూస్తే అతను మళ్ళీ అరుగెక్కి ఉన్నాడట. రీలు మొదలయ్యే ముందు కళ్ళు మూసుకుని, గాటుని వేలితో తడిమి గొట్టం జరిపేవారు. కింద నుంచి గేటు మనిషి "బొమ్మ బావుందండోయ్" అని కేకేసేవాడట. హాలు మూసేదాకా ఆయన తెర వైపు చూసి ఫోకస్ పెట్టలేదు.

ఎన్నిసార్లు చూశారని నన్ను అడిగారు. లెక్కలో తప్పు రాకూడదని చూసిన ప్రతిసారీ నేనే అతన్ని పిలుచుకొచ్చాను.

మా ఆవిడకి ఫోన్ చేశాను. "అల్మారాకి తాళం వెయ్యి. సూరి వచ్చి అడిగినా ఇవ్వకు."

"పొద్దున్నే పట్టుకెళ్ళేడుగా. మీరే ఇమ్మన్నారన్నాడు. ఇవాళ పెళ్ళుందట కదండీ, పెళ్ళికొడుక్కి ఆ లెన్సుతోనే తీస్తానని మాటిచ్చేడంట."

సూరి ఫోన్ ఎత్తలేదు. పెళ్ళి పనిలో ఉంటే ఎత్తడు. ఫంక్షన్ హాలు అమలాపురం దారిలోనే. బండి మీద వెళ్తున్నంతసేపూ నాకు ఒకటే లెక్క. పదకొండు మీటర్లు. ఒక్కో చూపుకి నాలుగు. సూరి ఎన్నిసార్లు చూసి ఉంటాడు?

నేను వెళ్ళేసరికి తలంబ్రాలు అయిపోయాయి. బంతి భోజనాల దగ్గర రెండు వైపుల కుర్రాళ్ళకి మాట మాట పెరిగి, గొడవ మండపం దాకా వచ్చింది. ఇనుప కుర్చీలు గాల్లో లేస్తున్నాయి. ఒకడి నుదురు పగిలి కళ్ళలోకి రక్తం కారుతోంది, అయినా ఎదుటివాడి జుట్టు వదలడం లేదు. పెద్దవాళ్ళు "ఒరేయ్ ఆగండ్రా" అంటూ వాళ్ళే నాలుగు తగిలిస్తున్నారు. సాంబారు బేసిన్ తిరగబడి ఒక ముసలాయన కాళ్ళు కాలి కేకలు పెడుతున్నాడు.

సూరి వీళ్ళెవరినీ చూడటం లేదు. మండపం మెట్టు దగ్గర కెమెరా ఎడమ కంటికి ఆనించుకుని, మనుషులెవరూ లేని వైపుకి గురిపెట్టి, రింగు కొంచెం కొంచెంగా తిప్పుతున్నాడు.

"ఒరేయ్ సూరీ! కన్ను తియ్యరా!"

నా గొంతు విన్నాడు. కన్ను తియ్యలేదు. "బావగారండీ," అన్నాడు, చంటిపిల్లాడికి చెప్పినంత నెమ్మదిగా, "ఈడు ఇటు తిరిగేడండీ."

కెమెరా చీలింది. లోహపు డబ్బా పై నుంచి కిందికి తెరుచుకుంది, దాని ముక్క సూరి కంట్లోకి పోయింది. అతను వెనక్కి తూలాడు. ఎడమచెయ్యి అడ్డం పెట్టేలోపు రెండో దెబ్బ భుజం మీద పడింది. చొక్కా గుడ్డ ఒక గీతగా తెగడం, ఆ గీత తెల్లగా తెరుచుకుని ఎర్రబడటం నేను చూశాను. నాకూ అతనికీ మధ్య ఆరు మీటర్లు. ఆ ఆరు మీటర్లలో తలంబ్రాల బియ్యం, ఒక తెగిన చెప్పు, పడిపోయిన కుర్చీ ఉన్నాయి. మనిషి లేడు.

అతని ఒంటి మీద పడుకుని భుజాన్ని నా రెండు చేతులతో అదిమిపట్టాను. వేళ్ళ సందుల్లోంచి వేడిగా వస్తూనే ఉంది. నా వీపు మీద మూడో దెబ్బ పడుతుందని ఎదురుచూశాను. పడలేదు.

పోలీసులు పెళ్ళిలో కొబ్బరిబొండాలు కొట్టేవాడి కత్తి పట్టుకెళ్ళారు. అది గోనెసంచిలో చుట్టినది చుట్టినట్టే ఉంది. దాని మీద కొబ్బరి పీచు తప్ప ఏమీ లేదు. కుర్చీలు విసిరిన వాళ్ళ మీద కేసు పెట్టారు. కత్తి సంగతి తేలలేదు. కుర్చీ కాలు తగిలి కెమెరా పగిలి ఉంటుందన్నారు. కుర్చీ తగిలితే లోహం సొట్టపడుతుంది. ఇది తెగింది. అంచు మీద వేలు పెట్టి చూశాను, నున్నగా ఉంది. కాకినాడలో డాక్టరు కూడా భుజం గాయం ఎదురుగా నిలబడి, పై నుంచి కొట్టిన కత్తిదే అన్నాడు.

లెన్సు కెమెరా నుంచి ఊడి మండపం కింద పడి ఉంది. రింగు సూరి తిప్పి ఆపిన చోటే ఆగి ఉంది. రెండు పాయింటు తొమ్మిది మీటర్లు.

సూరి బతికాడు. కన్ను రాలేదు. చెయ్యి భుజం ఎత్తు దాకా వస్తుంది. ఆ ముఖం గురించి ఒకే ఒక్కసారి అడిగాను. గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆ తరవాత రోజూ ఒకే ప్రశ్న వేయడం మొదలుపెట్టాడు. "ఇప్పుడెంత ఉందండీ?"

కొట్టాక వెళ్ళిపోయాడేమో, ఇక సూరి జోలికి రాడేమో అని తేల్చుకోకుండా నేను జవాబు చెప్పలేను. తేల్చుకోవాలంటే చూడాలి. నాగేశ్వరరావుని అడిగితే, కసురుకోకుండా మిగిలిన వేళ్ళతోనే ఆకురాయి పట్టుకుని పాత చోటే కొత్త గాటు పెట్టి ఇచ్చాడు. "ఇదుంటే ఎనక్కెళ్తాడేమో మాస్టారూ" అన్నాడు. అరువు కెమెరా తెచ్చి, అడితిలో ఎర్రటి ఎండలో, ఎవరూ లేని వైపు పెట్టి, ఒకే ఒక్కసారి చూశాను. ఇరవై ఎనిమిది దగ్గర ఎవరూ లేరు. పది దగ్గర, అయిదు దగ్గర, మూడు దగ్గర లేరు. చెయ్యి రింగు మీద నుంచి తీసేద్దామనుకుంటూనే తిప్పాను.

ఒకటి పాయింటు నాలుగు దగ్గర చర్మం కనిపించింది.

అంత దగ్గర్లో ఈ లెన్సులో పట్టేది ముప్పై నాలుగు సెంటీమీటర్ల ఎత్తే. నాకు కనిపించింది ఛాతీ. నెరిసిన వెంట్రుకలు, వాటి మీద ఎండిన రక్తం. ఊపిరి పీలుస్తోంది. ముఖం చూడాలంటే కెమెరాని కొంచెం పైకెత్తితే చాలు. నేను ఎత్తలేదు. కళ్ళు మూసుకుని లెన్సు విప్పేశాను.

గోదాట్లో పడెయ్యమని మా ఆవిడ అంటుంది. పడేస్తే లెన్సు పోతుంది, దూరం పోదు. పైగా ఈ రింగు ఎంత తిప్పినా ఎనభై ఒక్క సెంటీమీటర్ల కన్నా దగ్గర ఉన్నదాన్ని స్పష్టం చెయ్యలేదు. అది దాటి ఇవతలికి వస్తే లెన్సు ఉన్నా నాకు కనపడడు. కొన్నవాడు ఎవరైనా మొదట చేసే పని కంటికి ఆనించుకుని ఫోకస్ తిప్పడం. అందుకే అమ్మను.

ఇదంతా ఏమిటో నాకు తెలియదు. వెలుతురు ఎలా వంగుతుందో చదివాను, మళ్ళీ చదివాను. ఆ చదువులో ఈ మనిషికి చోటు లేదు. దెయ్యాలున్నాయని ఇప్పటికీ అనను. కొలత మాత్రం కొలతే.

సూరి ఇప్పుడు స్టూడియోలో కూర్చుని పాస్‌పోర్టు ఫొటోలు తీస్తున్నాడు, కెమెరాని స్టాండు మీద పెట్టి, కుడి కంటితో. నేను వెళ్తే స్టూలు జరిపి కూర్చోమంటాడు. అప్పుడు అడుగుతాడు, "ఎంతుందండీ బావగారూ?"

"ఇరవై ఎనిమిది" అంటాను. "గాటు దగ్గరే ఉన్నాడు."

"ఆయ్" అంటాడు. ఆ పూట టీ తాగుతాడు.

ఇన్నేళ్ళ పనిలో నేను తెలిసి చెప్పిన తప్పు కొలత అదొక్కటే. అసలు కొలత, నేను చివరిసారి చూసిన నాటికి, ఒక మీటరు నలభై సెంటీమీటర్లు. ఆ చివరి చూపుకి అతను ఎంత దగ్గరికొచ్చాడో అది అందులోంచి ఇంకా తీసెయ్యలేదు.